మూడు వేళ్ళ మందం

రాత్రి పదకొండున్నర.
గాజువాక ఆటోనగర్‌లో షట్టరు సగం దించేశాక
ఆటోలోంచి ఒక చక్రం దిగింది,
దాని వెనక ఒక గుంటడు.
జ్వరం బిడ్డని తెచ్చినట్టు
హోటలు తువ్వాలు చుట్టి, ఒళ్ళో పెట్టుకుని,
ఊరు ఆ చివర్నించి ఈ చివరికి.

"మామా, తెల్లారేలోగా గుండ్రంగా సెయ్యాల."

తవిటినాయుడు.
చొక్కా మీది బిళ్ళలో పేరు సగమే ఉంది,
మిగతాది పట్టలేదట.
రుషికొండ మీద పెద్ద హోటల్లో
వచ్చిన వాళ్ళ బళ్ళు తీసుకెళ్ళి సెల్లార్లో పెట్టే పని.
నెలకి పద్నాలుగు వేలు.

పసుప్పచ్చ కారు, నేలకి జానెడెత్తు.
తాళం వీడి చేతికిచ్చి ఆయన విందుకి పైకెళ్ళాడు.
కిందకి దించాల్సిన బండిని
వీడు భీమిలి దారి పట్టించాడు.
ఒక్క మలుపు, అంతే అనుకున్నాడు.
"ఇంజను అరుపు ఇన్నాక కాలు ఆగనేదు మామా."
మంగమారిపేట దాటాక,
వాన తవ్వి, వానే నింపి పెట్టిన గొయ్యి
దీపాల వెలుగులో అచ్చం రోడ్డులాగే మెరిసిందట.

లారీ టైరుకి ఓర్పెక్కువ.
గోతిలో పడితే ఒక బూతు తిట్టి లేచొస్తుంది.
దీనికి రబ్బరెంత?
మూడు వేళ్ళు అడ్డం పెడితే అయిపోయింది.
కింద దారి, పైన అల్యూమినియం అందం,
రెంటికీ నడుమ
గాలి నింపిన ఒక పల్చటి మర్యాద.
గట్టి దెబ్బకి మర్యాద మిగలదు,
నేరుగా ఎముకే చెబుతుంది.

బయటి అంచు చూశాను. గీత కూడా లేదు.
వాడి మొహం వెలిగింది.
లోపలి అంచు తిప్పాను.
బొటనవేలు పట్టేంత సొట్ట.
అది నాకు గంట పని,
మంట చూపించి, జాకీ పెట్టి, బతిమాలితే వస్తుంది.
ముప్పై ఏళ్ళుగా ఈ ఊరి గోతులు పెట్టిన అన్నమే తింటున్నాను,
కాదనను.

కానీ వేలి కణుపుతో కొట్టాను.
మోగాల్సిన చోట మోగలేదు.
బీట పడ్డ కుండ గొంతు.
ఎర్ర రంగు నీళ్ళు పూసి, తుడిచి,
తెల్ల పొడి చల్లి కూర్చున్నాం ఇద్దరం.
మెల్లగా వచ్చిందది,
పాపిట్లో కుంకుమ గీసినట్టు,
వెంట్రుక మందాన, అంగుళంన్నర.

"వెల్డింగ్ కొట్టి రంగేసెయ్ మామా. లోపలేపే కదా,
ఎవడు సూస్తాడు?"

ఎవడూ చూడడు.
ఆ సంగతి వాడికంటే నాకు బాగా తెలుసు.
పదకొండేళ్ళ కిందట
నీలం బండి ఒకటి, ఇలాంటి గీతే, ఇలాంటి రాత్రే.
చూడముచ్చటగా అతికాను.
డబ్బులెక్కువే ఇచ్చాడు. నవ్వుతూ వెళ్ళాడు.
ఏమీ అయుండదు.
ఏమైనా అయుంటే నాకెవరు చెబుతారు?
అయినా కేజీహెచ్ వైపు సైరన్ పోతుంటే
ఇప్పటికీ నా చెయ్యి పనిలో ఆగుతుంది.

ఈ మాటలేవీ వాడితో అనలేదు.
"ఇది నూట యాభైలో తిరిగే వస్తువురా,
తిరిగేటప్పుడు నువ్వుండవు, నేనుండను,
ఆయనుంటాడు," అన్నాను.
కొత్తది ఎంతవుద్దన్నాడు.
చెప్పాను.
వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టి
రెండో చేతికి వెళ్ళాడు,
మళ్ళీ మొదటి చేతికి వచ్చి
పిడికిలి మూసేశాడు.

గొయ్యి తవ్విన వాన లేదు,
పూడ్చని కాంట్రాక్టరు నిద్రపోతున్నాడు,
మేలుకున్నది మేమిద్దరం.

ఫ్లాస్కులో టీ సగం సగం పోశాను.
అక్కడ సెల్లార్లో
పసుప్పచ్చ కారు మూడు కాళ్ళ మీద నిలబడుంది.
ఇక్కడ వీడు ఫోను తీసి
నంబరు చూసుకున్నాడు,
లోపల పెట్టాడు, తీశాడు.

నాకు చూస్తూ ఊరుకోవడం చేతకాదు.
చక్రాన్ని మిషను మీదకెక్కించి తిప్పాను.
డయలు ముల్లు కదలకుండా నిలబడి,
నిలబడి,
ఆ ఒక్క చోట ఉలిక్కిపడుతోంది.
అవతల రింగు మోగుతోంది.
ఎత్తలేదు.
వాడు మళ్ళీ కొట్టాడు.